పదిహేడు అక్షరాల హెచ్చరిక

బంగాళాఖాతంలో గాలి తిరిగిందంటే విశాఖ తీరానికి ముందుగా చేరే మాట ఒకటుంది. రేడియోలో చదువుతారు, పేపర్లో వేస్తారు, జాలారిపేట వీధుల్లో మైకు పెట్టి చెబుతారు. వలలు సర్దుకోమని, తెప్పలు ఒడ్డెక్కించమని, మరబోట్లు కదలనివ్వొద్దని దాని భావం. కవిత్వం అనుకుని దాన్ని రాసినవాళ్లూ లేరు, విన్నవాళ్లూ లేరు. మూడు వరుసలుగా విడదీసి అక్షరాలు లెక్కపెడితే మాత్రం సంగతి వేరు.

మత్స్యకారులు
సముద్రంలో వేటకు
వెళ్లకూడదు

ఐదు, ఏడు, ఐదు. మొత్తం పదిహేడు. జపాను హైకూకి చెప్పే కొలత సరిగ్గా ఇదే. హైకూలో ఋతువు జాడ ఉండాలంటారు. ఆ లక్షణం కూడా ఇందులో ఉంది, పేరు చెప్పకుండానే. ఈ మాట వినబడిందంటే అది వాయుగుండాల, తుఫానుల కాలమని తీరంలో ఎవరైనా చెబుతారు.

వాతావరణ వార్తల్లో తరచూ కనిపించే ఇంకో వాక్యం దీనికంటే చక్కగా కుదిరింది.

అల్పపీడనం
వాయుగుండంగా మారి
తీరం దాటింది

మళ్లీ అదే లెక్క. మొదటి వరుసలో పుట్టుక, రెండోదానిలో పెరుగుదల, మూడోదానిలో నేల మీదికి రాక. వ్యాఖ్యానం లేదు, విశేషణం లేదు. 1990లలో గాలి నాసరరెడ్డి, ఇస్మాయిల్ వంటి కవులు హైకూను తెలుగులోకి తెచ్చి పెంచినప్పుడు కోరుకున్న నిరాడంబరత వార్తలు రాసేవాళ్ల బల్ల మీద ఎప్పటినుంచో ఉందన్నమాట. తెలుగు అక్షరాల లెక్క, జపాను వాళ్ల ధ్వనుల లెక్క అచ్చంగా ఒకటి కావు. అయినా మన కవులు పట్టుకున్నది అక్షరాల లెక్కనే కాబట్టి ఇక్కడా దానితోనే తూచడం న్యాయం.

ఇలా వచనంలో పద్యం పొడసూపడం మన ఆలంకారికులకు కొత్త కాదు. వామనుడు గద్యాన్ని మూడు రకాలుగా విభజించి, అందులో ఒకదానికి వృత్తగంధి అని పేరు పెట్టాడు. ఛందస్సు వాసన తగిలే వచనం అది. ఇంగ్లండులో విలియం హ్యూయెల్ అనే పండితుడు 1819లో యంత్రశాస్త్రం మీద పాఠ్యపుస్తకం రాశాడు. ఎంత బలంతో లాగినా తాడు పూర్తిగా తిన్నగా నిలవదని అందులో ఒకచోట చెప్పాడు. ఆ వాక్యం ఆయనకు తెలియకుండానే ప్రాసతో నాలుగు పాదాల పద్యమైపోయింది. సాటి ఆచార్యుడు ఆడం సెడ్జ్‌విక్ ఒక విందులో దాన్ని పద్యంలాగే చదివి వినిపించాడు. హ్యూయెల్‌కి అది నచ్చలేదు, తరువాతి ముద్రణలో వాక్యాన్ని మార్చేశాడు. మార్చకుండా ఉండాల్సింది. ఇలాంటివాటిని కావాలనే వెతికినవాళ్లూ ఉన్నారు: 2013లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక తన వార్తల్లో దాక్కున్న హైకూలను కంప్యూటరుతో వెతికించి పాఠకులకు అందించింది.

విశాఖలో వెతకడానికి యంత్రం అక్కర్లేదు. ఈ ఊరికి వాతావరణాన్ని రాసిపెట్టే అలవాటు చాలా పాతది. 1840లో గోడే వెంకట జగ్గారావు ఇక్కడ సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. ఆయన తర్వాత దాన్ని నడిపిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడం గమనించాడు. ఆకాశంతోపాటు గాలీ వానా లెక్కలకెక్కింది అక్కడే. మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల పేరులో ఉన్నది ఈ నరసింగరావే. 1910లో ఈ ఊళ్లో పుట్టిన శ్రీశ్రీ 1935లో అదే కళాశాలలో డిమాన్‌స్ట్రేటరుగా చేరారు, 1938లో ఆంధ్రప్రభలో సబ్ ఎడిటరయ్యారు. కవితకు పనికిరాని వస్తువంటూ లేదని చాటిన కవి వార్తలు దిద్దే బల్ల దగ్గర కూర్చోవడం ఊరికే పోలేదు.

ఈ ఊళ్లో హెచ్చరికలకు ఇంకో చోటు రేవు. అది 1933లో తెరుచుకుంది. అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ తొలిసారి లోపలికి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశాడు. రేవుకి మాటలకంటే పొదుపైన భాష ఇంకొకటి ఉంది: ఒకటి నుంచి పదకొండు దాకా ప్రమాద సూచికలు. పగలు స్తంభానికి శంకువులు, స్తూపాలు కడతారు, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు వెలిగిస్తారు. మూడో నంబరు అంటే ఈదురుగాలులు రేవుకి తగలొచ్చని. పదో నంబరు అంటే మహా ప్రమాదం, తుఫాను రేవు మీదుగానో పక్కనుంచో తీరం దాటబోతోందని. పదకొండోది తుఫాను తీవ్రత చెప్పదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని మాత్రమే చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదే తీరం దాటి, ఫోన్లూ కరెంటూ లేక ఊరు మూగబోయినప్పుడు ఆ పదకొండో నంబరు అర్థం జనానికి అనుభవంలోకి వచ్చింది.

ప్రాణాల మీదికి వచ్చిన మాట తనంతట తానే అరిగి, నున్నబడి, నోటికి అందేంత చిన్నదవుతుంది. విశాఖ సముద్రం హెచ్చరికల్ని అలా అరగదీసింది. ఇక ఊరి వీధులు నిలబెట్టిన మాట ఒక్కటే: విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు.

1965లో బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైనదని చెప్పింది. కేంద్రం వెనకాడింది. 1966 అక్టోబరు 15న టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న, రాష్ట్రావతరణ దినం నాడే, విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఉద్యమంలో మొత్తం 32 మంది చనిపోయారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. జాతికి అంకితమైంది 1992లో. కర్మాగారం కోసం ఊళ్లకు ఊళ్లే భూములు వదులుకున్నాయి. ఆ లెక్క నినాదంలో ఎక్కడా లేదు, ఉండాల్సింది.

ప్రాస కావాలనే పెట్టి ఉంటారు. మాత్రలు మాత్రం ఊరేగింపులో ఎవరూ లెక్కపెట్టుకోరు. అయినా చూడండి: విశాఖ నాలుగు, ఉక్కు మూడు, ఆంధ్రుల నాలుగు, హక్కు మూడు. ఏడూ ఏడూ పద్నాలుగు. 1910లో గురజాడ ఇదే పాత విశాఖపట్నం జిల్లాలో, విజయనగరంలో ఉంటూ, ముత్యాలసరాన్ని నడిపింది మూడు, నాలుగు మాత్రల ఈ మిశ్రగతిలోనే. ఆయనది మూడు తర్వాత నాలుగు, నినాదానిది నాలుగు తర్వాత మూడు. అక్షరాలు చూసినా ఐదూ ఐదే, హైకూ మొదటి పాదం, చివరి పాదం. వ్యాకరణం పట్టుకుని విశాఖుక్కు అని సంధి కలిపితే ఒక మాత్ర జారిపోయి నడక కుంటుపడుతుంది. వీధి విడదీసే పలికింది. వీధి చెవి సరైనదే.

2021 జనవరిలో కర్మాగారం వాటాలన్నీ అమ్మాలని కేంద్రం నిర్ణయించగానే కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో, గోడల మీద, బ్యానర్ల మీద ఈ నినాదమే మళ్లీ కనిపించింది. అప్పటికి రాష్ట్రం రెండై ఏడేళ్లవుతోంది. 1966లో దీని కోసం ప్రాణాలు పోయిన ఊళ్లలో వరంగల్, ఆదిలాబాద్ కూడా ఉన్నాయి. ఇప్పుడవి తెలంగాణలో ఉన్నాయి. నినాదంలో ఒక్క మాత్ర కూడా మారలేదు.