ఫ్రెంచివాణ్ణని చెప్పుకోమన్నారు

లింకన్ గురించి మనం బళ్ళోనే చదువుకున్నాం. అదే కాలపు నల్లజాతి లాయరు జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ పేరు మనోళ్ళలో ఎంతమంది విన్నారు?

లాంగ్‌స్టన్ 1829లో వర్జీనియాలో పుట్టాడు. తండ్రి రాల్ఫ్ క్వార్ల్స్ తెల్ల భూస్వామి. తల్లి లూసీ జేన్ ఒకప్పుడు ఆ భూస్వామికే బానిస. ఆమెకు ముందే విడుదల దొరికింది కాబట్టి బిడ్డ బానిసగా పుట్టలేదు. 1834లో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. తండ్రి రాసిచ్చిన ఆస్తి ఉంది గనక చదువుకి డబ్బు అడ్డం కాలేదు. అడ్డమొచ్చింది రంగు.

1849లో ఓబర్లిన్ కాలేజీలో పట్టా పుచ్చుకుని లా చదవాలనుకున్నాడు. న్యూయార్క్ రాష్ట్రంలో బాల్‌స్టన్ స్పా అనే ఊళ్ళో లా స్కూలు చేర్చుకోనంది. ఆ స్కూలు పెద్ద మాత్రం ఒక ఉపాయం చెప్పాడు. ఫ్రెంచివాణ్ణనో స్పెయిన్‌వాణ్ణనో చెప్పుకుంటే చూద్దామన్నాడు. లాంగ్‌స్టన్ ఒప్పుకోలేదు. అమెరికా నల్లవాడిగా తప్ప ఇంకోడిగా రానన్నాడు. సిన్సినాటిలో అడిగినా అంతే అయింది. ఆఖరికి ఒహాయోలో ఫిలెమన్ బ్లిస్ అనే లాయరు దగ్గర చదువుకున్నాడు.

ఆ ఉపాయం మనకి కొత్తదా? నేను ఉద్యోగానికి పట్నం వచ్చి అద్దెగది కోసం తిరుగుతుంటే ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న, "మీరేమిటోళ్ళు?" తోటి గుమాస్తా పక్కకి పిలిచి, "మీ ఇంటిపేరు వాళ్ళల్లో కూడా ఉందిగా, ఔననేయ్" అన్నాడు. నా మంచికే చెప్పాడు. అందుకే ఇంకా మండింది. మాదిగోణ్ణనే చెప్పాను. గది దొరకలేదు.

1854లో లాంగ్‌స్టన్ లాయరయ్యాడు. ఎట్టా అయ్యాడో వినండి. సగానికి పైగా తెల్లరక్తం ఉన్నోళ్ళకి తెల్లోళ్ళ హక్కులుంటాయని ఒహాయో కోర్టులు అప్పటికే తేల్చాయి. ఆ లెక్కలోనే ఆయన్నీ తెల్లవాడి కింద జమకట్టి ప్రమాణం చేయించారు. ఆయన దాచనన్నదాన్ని కోర్టే దాచిపెట్టింది!

1855లో బ్రౌన్‌హెల్మ్ జనం ఆయన్ని టౌన్‌షిప్ క్లర్కుగా ఎన్నుకున్నారు. బానిసత్వం పోయాక, 1869లో, హోవర్డ్ యూనివర్సిటీలో లా విభాగం పెట్టి నడిపాడు. షార్లెట్ రే 1872లో అక్కడే చదువు ముగించి అమెరికాలో తొలి నల్లజాతి మహిళా లాయరైంది. తనకు మూసిన తలుపు ఆయన అట్టా తెరిచాడు.

1888లో వర్జీనియా నుంచి కాంగ్రెస్‌కి నిలబడ్డాడు. ఎదుటివాడే గెలిచాడన్నారు. ఆయన వదల్లేదు, పోట్లాడాడు. 1890 సెప్టెంబరు 23న సభ సీటు ఇచ్చింది. 1891 మార్చికల్లా గడువే అయిపోయింది. వర్జీనియా నుంచి ఇంకో నల్లమనిషి ఆ సభలో కూచోడానికి 1993 దాకా పట్టింది.

1897లో చనిపోయాడు. అంతకు మూడేళ్ళ ముందే తన జీవితకథ అచ్చేశాడు. దాచుకోమన్న మాటా, కుదరదన్న మాటా రెండూ అందులో ఉన్నాయి. మనం ఇట్టాంటి పుస్తకాల్లో రాస్తున్నదీ అదే.