రికార్డు దించిన నాదం



కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళివచ్చినవారికి గొల్లభామ కథ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆనందవల్లి అనే గొల్లపిల్ల రోజూ కొండెక్కి త్రికోటేశ్వరస్వామిని కొలిచేది. గర్భవతి అయ్యాక ఎక్కలేక, "స్వామీ, నువ్వే మా ఇంటికి రావయ్యా" అని వేడుకుంది. "వస్తాను గాని, వెనక్కి తిరిగి చూడకు" అన్నాడు స్వామి. ముందు ఆవిడ, వెనక స్వామి. కొంతదూరం దిగేసరికి వెనకనుంచి వచ్చే ధ్వనికి ఆవిడ ఉండబట్టలేక తిరిగి చూసింది. స్వామి అక్కడే లింగమై నిలిచిపోయాడు. అందుకే ఇవాళ్టికీ అక్కడిదాకా మనమే ఎక్కి దర్శనం చేసుకుంటున్నాం.

గ్రామఫోను రికార్డు చేసే పనీ ఇలాంటిదేనని నాకనిపిస్తుంది. ఎక్కడో ఉన్న విద్వాంసుణ్ణి సగం కొండ దించి మన ముందు నిలుపుతుంది. మిగతా సగం మనమే ఎక్కాలి. అలా ఎక్కిన ఒక మహానుభావుణ్ణి గురించి చెబుతాను.

కొండకు దగ్గరలోనే చిలకలూరిపేట ఉంది కదా. మన ఇళ్ళలో పెళ్ళి కుదిరితే పురోహితుడి తర్వాత కబురు వెళ్ళేది సన్నాయి మేళానికే. ఆ సన్నాయికి చిలకలూరిపేట పెట్టింది పేరు. దేవుడి కల్యాణాలలో, ఊరేగింపులలో సన్నాయి వాయించిన ముస్లిం విద్వాంసుల కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. వారిలో ఆదం సాహెబుగారు పేరుమోసిన గురువు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారు మొదట తండ్రి కాసిం సాహెబుగారి దగ్గర, తర్వాత ఈ ఆదం సాహెబుగారి దగ్గర విద్య నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనిదే.

అప్పట్లో దక్షిణాదిన నాదస్వరమంటే తిరువావడుదురై రాజరత్నం పిళ్ళైగారు. పొడుగాటి, మంద్రశ్రుతి నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. కచేరీలో ఆయన తోడి రాగం అందుకుంటే గంటల తరబడి సాగేదని చెప్పుకునేవారు. అలాంటి తోడి రికార్డుకెక్కింది. ఆ నల్ల రికార్డు ఒక్కో వైపు తిరిగేది మూడు నాలుగు నిమిషాలే. అయినా ఆ నాదం తంజావూరు చూడనివారి ఇళ్ళకూ వెళ్ళింది. చినమౌలానాగారికి రాజరత్నంగారంటే ఏకలవ్యుడికి ద్రోణాచార్యుడు ఎంతో అంత. ఆయనను మానసిక గురువుగా పెట్టుకున్నారు.

మరి వింటే విద్య వచ్చేస్తుందా? సన్నాయికి రంధ్రాలు కనబడతాయి గాని, అసలు రహస్యం అక్కడ లేదు. పీక మీద పెదవి ఎంత బిగించాలి, ఊపిరి ఎంత వదలాలి, వేలు రంధ్రాన్ని సగం మూయాలా, పావు మూయాలా? గమకమంతా ఈ కొలతల్లోనే ఉంది. రికార్డు స్వరాన్ని వినిపిస్తుంది గాని, పెదవిని చూపించదు.

ఈ చిక్కు మన సన్నాయికే కాదు, అమెరికావారికీ వచ్చింది. హవాయి గిటారు మీద వాయించిన హిందీ సినిమా పాటలు మీరు రేడియోలో వినే ఉంటారు. గిటారును ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తారు. మన గోటువాద్యం మీద కొయ్యముక్క జార్చినట్టేననుకోండి. కడ్డీ జరిపితే దానికింద తీగలన్నీ కలిసే జరుగుతాయి. 1954లో వెబ్ పియర్స్ అనే గాయకుడి కంట్రీ పాట, 'స్లోలీ' రికార్డు వచ్చింది. అందులో బడ్ ఐజాక్స్ వాయించిన స్టీల్ గిటారులో ఒక స్వరం కదలకుండా నిలిచి ఉంటే, పక్క స్వరం మాత్రం మెల్లగా పైకి జారుతుంది. తోటి వాద్యకారులు తెల్లబోయారు. కడ్డీతో అది సాధ్యం కాదే! సంగతేమిటంటే, ఆయన తీగ మోగుతూ ఉండగానే కాలికింద పెడల్ తొక్కి, ఆ తీగను మాత్రం బిగించారు. చేతి కోసం వెతికినవారికి కాలు ఎలా తోస్తుంది? గుట్టు తెలిశాక అక్కడి వాద్యకారులు వరసగా తమ గిటార్లకు పెడళ్ళు బిగించుకున్నారు. పెడల్ స్టీల్ గిటారుకు ఇంత పేరు తెచ్చింది ఆ రికార్డే.

పెడలైతే బిగించుకోవచ్చు. పెదవినీ ఊపిరినీ ఎవరు బిగిస్తారు? గురువే దిక్కు. చినమౌలానాగారు ఆ సంగతి గ్రహించారు. అప్పటికే చేతిలో విద్య ఉన్న మనిషి. తెలిసిన బాణీ, తెలిసిన ఊళ్ళు. అయినా తమిళదేశంలోని నాచ్చియార్‌కోయిల్ వెళ్ళి, రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్ళీ శిష్యుడై కూర్చున్నారు. అక్షరాలు వచ్చినవాడు మళ్ళీ పలక పట్టడమంటే మాటలా చెప్పండి! రికార్డులో చెవికి అందిన తంజావూరు బాణీ, గురువుల ఎదుట కూర్చున్నాక చేతికి అందింది.

తర్వాత ఆయన శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వాయించారు. శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి శిష్యులను తయారుచేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు వచ్చాయి. మరుసటి సంవత్సరమే కన్నుమూశారు.

మనం ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన పేరు ఇంకొకటుంది. నాదస్వరం మగవారి వాద్యమనీ, ఆడవాళ్ళకు అంత ఊపిరెక్కడిదనీ అనేవారు. చినమౌలానాగారు అలా అనలేదు. కాలీషాబీగారు, ఆవిడ భర్త షేక్ మహబూబ్ సుభానీగారు ఇద్దరూ ఆయన దగ్గర నేర్చుకున్నారు. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని జంటగా కచేరీలు చేసి, 2021లో కలిసి పద్మశ్రీ అందుకున్నారు. రికార్డు దగ్గరే ఆగిపోయి ఉంటే చినమౌలానాగారి విద్య ఆయన ఒక్కరితోనే ఉండేది. కొండెక్కారు కనుక ఒక ఆడపడుచు చేతికీ అందింది.

ఇప్పుడు మన పిల్లలకు ఏ పాట కావాలన్నా ఫోనులో దొరుకుతుంది. పదిసార్లు వెనక్కి తిప్పి వింటారు. విననివ్వండి, వద్దనకండి. చెవికి రుచి తెలిసేది అక్కడే. కాని అమ్మాయి సంగీతం నేర్చుకుంటానని అడిగినప్పుడు మాత్రం, "ఫోనులో ఉందిగా, చూసి నేర్చుకో" అని సరిపెట్టకండి. చెయ్యి పట్టుకుని ఒక గురువుగారి గుమ్మం దాకా తీసుకువెళ్ళండి. స్వామి దిగివచ్చేది సగం దూరమే. మిగతా మెట్లు ఎక్కించవలసింది మనమే.