హాలీ సిక్కా, సరాఫు చూపు

హైదరాబాదునుండి నాందేడునకు బోవు రాజమార్గముపై, నిజాంసాగరమునకు జేరువగా నున్న పిట్లము, తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు మూడును ఒండొంటిని దాకెడి సీమలోని యూరు. నేడు కామారెడ్డి జిల్లాలోనిదైన యీ యూరును, దాని చుట్టునున్న బాన్సువాడ, బిచ్కుంద, జుక్కలు మొదలగు గ్రామములును తరతరములు నిజాము రాజ్యమున నుండుటచే, ఇచ్చటి పాతనాణెముల క్రయవిక్రయముల చరిత్ర తెలిసికొనగోరువారు మొదట నాణెములు మార్చెడి సరాఫుల వృత్తినే పరికింపవలెను.

ఆ రాజ్యమున నాణెమనగా ఒక్కటి కాదు. హైదరాబాదు టంకశాలలో ముద్రితమైన హాలీ సిక్కాతోపాటు గద్వాల, వనపర్తి సంస్థానములలోను, నారాయణపేటలోను అచ్చైన రూపాయలు చాలకాలము చెల్లుచుండగా, రాజ్యపు టెల్లలు దాటివచ్చిన సరకునకు ఇంగ్లీషు వారి కల్దారు రూపాయి కావలసివచ్చెడిది. కావున సరాఫు, చేతికి వచ్చిన ప్రతినాణెమును తూచి, రాతిపై మ్రోగించి, అంచు అరగదీసిరేమో యని వ్రేలితో తడవి, అనుమానమైనచో ఒరగల్లుపై గీచి, అటుపిమ్మటనే దాని వట్టము నిర్ణయించెడివాడు. కల్దారు సరిగా ఒక తులము, అనగా 180 గ్రెయినులు తూగును. అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. హాలీ రూపాయి తూకము 172½ గ్రెయినులు. వెండి నూటికి 81.8 పాళ్లు. ఆరు కల్దారులలో 990 గ్రెయినుల శుద్ధరజతముండగా, ఏడు హాలీలలో నున్నది ఇంచుమించు 988. నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ యను వింతలెక్క దీనినుండియే పుట్టినది. పామరులు సరాఫు మాయగా దలచిన యీ లెక్కలో మాయ యేమియు లేదు. వెండికి వెండి సరిపోయినది.

ఈ సరాఫు చూపే కాలక్రమమున సేకర్త చూపుగా మారినదని నా నమ్మకము. తూకము, నాదము, అంచు అను మూడింటికి లిపియు, సంవత్సరమును, టంకశాల పేరును తోడైనంతనే, మారకపు వస్తువుగానున్న నాణెము చదువదగిన పత్రమైనది. 1857 వరకు హైదరాబాదు నాణెములపై ఢిల్లీ పాదుషా పేరుండెను. కడపటి పాదుషా బహదూర్ షా పదభ్రష్టుడైన పిమ్మట ఆ స్థానమున ఆసఫ్‌జా బిరుదమును, దానితో 92 అను అంకెయు వచ్చినవి. మహమ్మదను నామాక్షరముల విలువలను గూడగా వచ్చు సంఖ్య యది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున సైఫాబాదులో యంత్రటంకశాల వెలసి, రూపాయిపై చార్మినారు ప్రత్యక్షమయ్యెను. దాని ద్వారమున నిజాము మహబూబ్ అలీఖానుని కాలమున ‘మీమ్’ అను అక్షరమును, 1911లో రాజ్యమునకు వచ్చిన ఉస్మాన్ అలీఖానుని కాలమున ‘ఐన్’ అను అక్షరమును నిలిచినవి. ఉస్మానుని తొలి ముద్రలలో ఆ ‘ఐన్’ మొదటిభాగము మాత్రమే కానవచ్చునవి కొన్ని, సంపూర్ణాక్షరము గలవి కొన్ని. వెండి యొక్కటే, తూకమొక్కటే; ఐనను వర్తకులు ఆ చిన్నద్వారమునకే భూతద్దమానించి వెల చెప్పుదురు. తెలియనివారికి చాదస్తముగా దోచునేమో కాని, ఒక రాజు పోయి మరియొక రాజు వచ్చిన మాసములలో ముద్దరచెక్కువాని చేయి ఎట్లు తడబడి కుదురుకొన్నదో తెలుపు సాక్ష్యము మరియెక్కడను దొరకదు.

భూమిలో దొరకిన నాణెముల గతి వేరు. తొలకరి వానకు చేలలో బయల్పడిన రాగి, సీసపు బిళ్లలు కంసాలి మూసలో కరగిపోయినవెన్నియో లెక్కకు రావు. మెదకుసీమలోని కొండాపురమున పురావస్తుశాస్త్రజ్ఞుడు గులాం యజ్దానీ 1940-41లో త్రవ్వకములు జరిపించి, వేలకొలది శాతవాహన నాణెములను, వాని అచ్చుమూసలను వెలికిదీసెను. గోదావరి తీరమున కోటిలింగాలలో ఏరిన నాణెములు చరిత్రపరిశోధకులైన పరబ్రహ్మశాస్త్రిగారి చేతికి జేరుటచేతనే, శాతవాహనులకు పూర్వులైన గోభద, నారన, కంవాయస, సమగోపుల పేర్లు చరిత్రకెక్కినవి. అవే నాణెములు ఊరుపేరు చెప్పని అంగడివానినుండి మహానగరపు వేలముపాటకు బోయియుండినచో, కొనినవానికి లోహము దక్కెడిది. తెలంగాణమునకు రాజులు దక్కెడివారు కారు. దొరకిన చోటు తెలియని ప్రాచీననాణెమును ఎంత వెలకైనను అమ్మవచ్చును గాని, దానిచే చరిత్ర చెప్పించుట దుష్కరము. పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినవాడు కలెక్టరునకు తెలుపవలెనను 1878 నాటి శాసనమును, నూరేండ్లు నిండిన నాణెముల ప్రైవేటు ఎగుమతిని నిషేధించిన 1972 నాటి శాసనమును ఈ దృష్టితోనే చూడవలెను. నిజాము కోశాగారమునకు జెందినదని ప్రసిద్ధిచెందిన జహంగీరుని వేయి మొహరీల బంగారునాణెము, 1613 నాటిది, సుమారు 12 కిలోగ్రాముల బరువైనది, 1987లో జెనీవా నగరమున వేలమునకు వచ్చెనన్న వార్త విని మనవారు కలతచెందుటకు హేతువిదియే.

ఇక మరల హాలీ విషయమునకు వచ్చినచో, రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ రూపాయిలోని వెండి సగపాలునకు దిగినంతనే, పాతరూపాయి సంతకు వచ్చుట మాని కుండలోనికి, మెడలోనికి బోయినది. 1950నుండి భారతరూపాయి ప్రక్కనే చెల్లుచుండి, ఏడింటికి ఆరు చొప్పున మారుచు, 1959 నాటికి హాలీ వ్యవహారమునుండి తొలగెను. కుండలోనివి చాలవరకు కరగినవి. మిగిలినవానిలో పెక్కింటిని కాపాడినవి స్త్రీల మెడలోని పేరులే. ఈ సీమలోని తండాలలో లంబాడీ స్త్రీలు ధరించిన రూపాయల పేరులనుండి నేటికిని చార్మినారు రూపాయలు అంగడికి వచ్చుచుండును. దారము దూర్చుటకై అంచున అతికిన వలయపు గురుతు కనబడగానే వర్తకుడు వెల తగ్గించును; అమ్మువారు ఆ గురుతు రాచి, చింతపండుతో తోమి తళతళలాడించి తెచ్చినచో మరింత తగ్గించును. రెండవ విషయమున అతనితో నేనేకీభవింతును, ఏలయన తోమినచో అక్షరపు పదును పోవును. మొదటి విషయమున మాత్రము ఏకీభవింపజాలను. ఆ వలయపు గురుతు ఈ సీమలో ఆ రూపాయి గడపిన రెండవ జీవితమునకు ఆధారము. కావున సేకర్తలు అట్టి నాణెమును ఏ తండానుండి, ఎట్టి పేరునుండి వచ్చినదో అడిగి వ్రాసికొని కొనవలయును.