పంజగుట్ట ఆసుపత్రి, కంచన్‌బాగ్ ప్రయోగశాల: తేలికపాటి కాలిపర్ చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్షిపణి కోసం రూపొందిన పదార్థవిజ్ఞానం పోలియో సోకిన పిల్లల కాళ్లకు ఊతమైన ఉదంతం తెలుగు పాఠకులకు సుపరిచితమే. ఏ.పి.జె. అబ్దుల్ కలాం తన ప్రసంగాల్లో పలుమార్లు ప్రస్తావించడం వల్ల అది ఒక శాస్త్రవేత్త కరుణకు నిదర్శనంగా స్థిరపడింది. అదే ఉదంతాన్ని పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) చరిత్రలో భాగంగా చదివితే, పరిశోధనకు ప్రశ్నను అందించింది ఆసుపత్రి వార్డు అని, ఆ పరిశోధన ఫలితాన్ని నిర్ణయించేది ప్రయోగశాల దాటిన తరువాతి వ్యవస్థ అని తెలుస్తుంది. ఈ అంశాన్ని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నిమ్స్, పంజగుట్ట, పోలియో, కాలిపర్, మిశ్రమ పదార్థాలు, స్టెంటు, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు వైద్యపరిశోధన చరిత్రను సాధారణంగా అమీర్‌పేటకు సమీపంలోని బేగంపేట నుంచి మొదలుపెడతారు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అక్కడే అనాఫిలిస్ దోమ జీర్ణాశయంలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ దోమలు కుట్టిన రోగి పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పినట్లు రాస్ రచనల ద్వారా తెలుస్తోంది. మలేరియా చరిత్రలో రోగికి దక్కిన చోటు అంతే అయినా, కనీసం పేరు మిగిలింది. దాదాపు తొంభై ఏళ్ల తరువాత, అక్కడికి కొద్ది దూరంలోని పంజగుట్టలో జరిగిన మరొక ఉదంతంలో ఆ పాటి గుర్తింపు కూడా రోగులకు దక్కలేదు.

2. ఎముకల ఆసుపత్రి నుంచి వైద్య విజ్ఞాన సంస్థ వరకు:
నిమ్స్‌కు మూలం 1960ల్లో నిజాం ఛారిటబుల్ ట్రస్టు ఆధ్వర్యంలో ఏర్పడిన ఎముకల ఆసుపత్రి. నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో అది బహుళ విభాగాల వైద్యసంస్థగా విస్తరించింది. అమెరికాలో రేడియాలజిస్టుగా పేరు తెచ్చుకొని, తానా తొలి అధ్యక్షునిగా ప్రవాసాంధ్రులకు సుపరిచితుడైన కాకర్ల సుబ్బారావు స్వదేశానికి తిరిగివచ్చి ఈ సంస్థకు సారథ్యం వహించారు. 1989లో శాసనసభ చేసిన చట్టంతో సంస్థకు ప్రత్యేక ప్రతిపత్తి లభించింది.

ఈ పరిణామంలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, ఎముకల వైద్యం ఇక్కడ తరువాత చేరిన విభాగం కాదు, సంస్థకు పునాది. అందువల్ల పోలియోతో కాళ్లు చచ్చుబడిన పిల్లలు ఈ ఆసుపత్రికి నిత్యపరిచితులు. రెండవది, అదే కాలంలో నగరానికి ఆగ్నేయంగా ఉన్న కంచన్‌బాగ్ రక్షణ పరిశోధనలకు కేంద్రమైంది. లోహాలపై పరిశోధించే డి.ఎం.ఆర్.ఎల్., క్షిపణులను రూపొందించే డి.ఆర్.డి.ఎల్. రెండూ అక్కడే ఉన్నాయి. 1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. 1989 మే 22న అగ్ని తొలిసారిగా చాందీపూర్ నుంచి ఎగిరింది. వార్డూ ప్రయోగశాలా ఒకే నగరంలో ఉన్నా, వాటి మధ్య రాకపోకలకు ఏర్పాటైన దారి మాత్రం లేదు.

3. మూడు కిలోల నుంచి మూడు వందల గ్రాములకు:
కలాం కథనం ప్రకారం, అగ్ని పనులు సాగుతున్న రోజుల్లో నిమ్స్‌కు చెందిన ఒక ఎముకల వైద్యుడు ఆయన ప్రయోగశాలను సందర్శించాడు. అక్కడి తేలికైన పదార్థాన్ని చేతిలోకి తీసుకొని చూసి, కలాంను తన ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లతో కాళ్లీడ్చుకుంటూ నడిచే పిల్లలను చూపించి, వారి బాధ తీర్చమని కోరాడు. మూడు వారాల్లో మూడు వందల గ్రాముల ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ తయారైంది. తన జీవితంలోని గొప్ప ఆనందాలను చెప్పేటప్పుడు ఎస్.ఎల్.వి.-3, అగ్ని విజయాల సరసన కలాం దీనినీ చేర్చేవారు.

ఈ కథనంలో కీలకమైన మలుపు మూడు వారాల తయారీ కాదు, అంతకు ముందు జరిగిన ఆ సందర్శన. పదార్థాన్ని రూపొందించినవారికి దాని ఉష్ణనిరోధక గుణం ముఖ్యం. వైద్యుని చేతికి తెలిసింది దాని బరువు. ఒకే వస్తువును రెండు శాస్త్రాలు రెండు విధాలుగా చూశాయి. పరిశోధన పుట్టింది ఆ రెండు చూపులు కలిసిన చోటే.

4. సూత్రం పాతది, పదార్థం కొత్తది:
పాత కాలిపర్‌లో కాలికి రెండు వైపులా లోహపు కడ్డీలు, తోలు పట్టీలు, మోకాలి వద్ద తాళం, అడుగున బూటు ఉంటాయి. తాళం వేస్తే మోకాలు మడవదు. కాలు కర్రలా బిగుసుకుంటుంది. తుంటి కండరాలు బలహీనమైన బిడ్డ ప్రతి అడుగుకూ ఆ బరువునంతా ఎత్తి ముందుకు వేయాలి. బరువు కాలి చివరన ఉన్నకొద్దీ ఆ శ్రమ పెరుగుతుంది.

ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ పనిచేసే తీరు వేరు. అది చీలమండను కదలకుండా పట్టి ఉంచి, మోకాలి దిగువన ముంగాలికి ఆనుకొని ఉంటుంది. పాదం నేలను తాకినప్పుడు నేల ఇచ్చే ప్రతిచర్యాబలం ముంగాలిని వెనుకకు నెడుతుంది. దానితో తొడ కండరం బలహీనంగా ఉన్నా మోకాలు నిటారుగా నిలుస్తుంది, తాళంతో పని ఉండదు. ఈ సూత్రం హైదరాబాదులో పుట్టినది కాదు. 1969 నాటికే ఒకే ముక్కగా పోతపోసిన ఇటువంటి సాధనాన్ని పాశ్చాత్య నిపుణులు వర్ణించారు. క్షిపణి ముక్కు భాగం వేల డిగ్రీల వేడిని తట్టుకోవాలి. బిడ్డ కాలికి ఆ గుణంతో పనిలేదు. తక్కువ బరువులో ఎక్కువ దృఢత్వాన్ని ఇచ్చే మిశ్రమ పదార్థాలను కోరిన ఆకృతిలో పోతపోసే నైపుణ్యమే ఇక్కడ అక్కరకు వచ్చింది. కనుక 'క్షిపణి పదార్థం కాలిపర్ అయింది' అనడం కంటే, 'క్షిపణి శాస్త్రజ్ఞుల పనితనం కాలిపర్ అయింది' అనడం సముచితం.

ఈ సాధనానికి పరిమితులూ ఉన్నాయి. మోకాలు వంగి బిగుసుకుపోయిన వారికి ముందుగా శస్త్రచికిత్స అవసరం కావచ్చు. తుంటి పూర్తిగా చచ్చుబడిన వారికి ఇది చాలదు. ఎదిగే పిల్లలకు కొలతలు మారుతూ ఉంటాయి. అంటే ఒకసారి తయారుచేస్తే ముగిసే పని కాదు. కొలతలు తీసే, పోతపోసే, సరిచేసే నిపుణుల చేతులు ఏళ్ల తరబడి కావాలి. 1968 ప్రాంతంలో జైపూర్ కాలు రూపొందినప్పుడు వైద్యుడు పి.కె. సేథీతో పాటు హస్తకళాకారుడు రామచంద్ర శర్మ పేరు కూడా చరిత్రకెక్కింది. పంజగుట్ట కాలిపర్ విషయంలో అటువంటి చేతుల పేర్లు ప్రజల జ్ఞాపకంలో లేవు.

5. స్టెంటు ఉదంతం - ధర ప్రశ్న:
ఇదే సహకారం 1990ల్లో హృద్రోగ చికిత్సకూ విస్తరించింది. నిమ్స్‌లో పనిచేసిన హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు, కలాం కలిసి స్వదేశీ లోహంతో చౌకైన స్టెంటును తీసుకువచ్చారు. కలాం-రాజు స్టెంటుగా అది ప్రసిద్ధి పొందింది. విదేశీ స్టెంట్ల ధర సామాన్యునికి అందని రోజుల్లో అది గొప్ప ముందడుగు. అయితే దేశమంతటా స్టెంట్ల ధర దిగివచ్చింది 2017 ఫిబ్రవరిలో, జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ గరిష్ఠ ధరలను నిర్ణయించినప్పుడు. మందుపూత లేని స్టెంటుకు 7,260 రూపాయలు, మందుపూత ఉన్నదానికి 29,600 రూపాయలుగా నాడు ధరలు ఖరారయ్యాయి. చౌకగా తయారు చేయవచ్చని ప్రయోగశాల చూపగలదు. చౌకగా అందరికీ అందించడం విధాన నిర్ణయాలతోనే సాధ్యం.

6. కథనం ఆగిన చోటు:
ప్రసిద్ధ కథనం పిల్లల పరుగుతోనూ తల్లిదండ్రుల ఆనందబాష్పాలతోనూ ముగుస్తుంది. పోలియో చరిత్ర అంతకన్నా పొడవైనది. 1995లో పల్స్ పోలియో కార్యక్రమం మొదలైంది. 2011 జనవరి 13న దేశంలో చివరి కేసు నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశం పోలియోరహితమైనట్లు ధ్రువీకరణ లభించింది. కొత్త రోగులు లేకపోవడంతో పోలియో వార్తల నుంచి తప్పుకుంది. పాత రోగులు మాత్రం ఎక్కడికీ పోలేదు. 1990 ప్రాంతంలో పదేళ్ల వయసున్న బిడ్డ నేడు నడివయసులో ఉంటాడు. పోలియో సోకిన దశాబ్దాల తరువాత కొందరిలో కండరాలు మళ్లీ క్షీణిస్తాయని వైద్యశాస్త్రం చెబుతోంది. వారికి తేలికైన ఊతం చిన్ననాటి కంటే ఇప్పుడే ఎక్కువ అవసరం కావచ్చు. ఇది చరిత్రకారుని పనిని కూడా గుర్తుచేస్తుంది. ఆ కాలిపర్ తొడుక్కున్నవారు సజీవ సాక్షులు. వారి మాటలను మౌఖిక చరిత్రగా సేకరించగల అవకాశం కాలంతో పాటు తగ్గిపోతూ ఉంటుంది.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.
- తేలికపాటి కాలిపర్ ఒక వ్యక్తి ప్రతిభకు మాత్రమే చెందిన ఫలితం కాదు. ఎముకల వైద్యంపై పుట్టిన ఆసుపత్రి, పదార్థాలపై పనిచేసే ప్రయోగశాల ఒకే నగరంలో ఉండటం, ఆ రెంటి మధ్య ఒక వైద్యుడు ప్రశ్నను మోసుకువెళ్లడం దానికి కారణాలు.
- సూత్రం అప్పటికే ఉన్నదైనా, దానిని ఇక్కడి పిల్లలకు తగినట్లు మలచడం కూడా పరిశోధనే.
- అమరిక, మరమ్మతు, ధర అనే మూడు అంశాలు పరిశోధన ఫలం ఎందరికి అందుతుందో నిర్ణయిస్తాయి.
- రాస్ చరిత్రలో హుసేన్ ఖాన్ పేరు మిగిలినట్లుగా, పంజగుట్ట కాలిపర్ చరిత్రలో దానిని తొడుక్కుని నడిచినవారి అనుభవమూ చేరాలి. అంతవరకు తెలుగునాట విజ్ఞానశాస్త్ర చరిత్ర శాస్త్రవేత్తల జీవితచరిత్రగానే మిగిలిపోతుంది.