ఎంప్లాయ్‌మెంట్ కార్డు మీద తేదీ

ఒకప్పుడు పదో తరగతి మార్కుల లిస్టు చేతికి రాగానే చాలా ఇళ్లల్లో ఒక మాట వినబడేది: “ముందెళ్ళి ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు రాయించుకో.” ఏం చదవాలి, ఏ ఉద్యోగం చెయ్యాలి అన్నవి తర్వాతి సంగతులు. పేరు ఎంత తొందరగా పడితే అంత మంచిది. ఎందుకు మంచిదో తెలియాలంటే ఆ ఆఫీసు చరిత్రలోకి కొంచెం వెళ్ళాలి.

ఎక్స్ఛేంజ్ అన్న పేరు మనకి బ్రిటన్ నుంచి వచ్చింది. పనికోసం గేటు గేటుకీ తిరిగే కూలీనీ, మనిషి కోసం వెతుక్కునే యజమానినీ ఒకచోట కలిపితే బోలెడు వృథా తగ్గుతుందని విలియం బెవరిడ్జ్ వాదించాడు. వాణిజ్య వ్యవహారాలు చూస్తున్న విన్‌స్టన్ చర్చిల్ 1909లో దానికి చట్టం చేయించాడు. 1910 ఫిబ్రవరి 1న మొదటి ఎక్స్ఛేంజీలు తెరుచుకున్నాయి. 1911లో బీమా చట్టం వచ్చింది. కొన్ని పరిశ్రమల వాళ్లకి మాత్రమే అయినా, 1913 నుంచి పనిలేని వారాలకి భృతి ఇవ్వడం ఈ ఎక్స్ఛేంజీల ద్వారానే మొదలైంది. అలా అక్కడ పని దొరకని మనిషికి కూడా ఎంతో కొంత చేతికందేది.

మన దేశానికి ఆఫీసు వచ్చింది, భృతి రాలేదు. 1945లో యుద్ధం ముగుస్తుంటే, సైన్యం నుంచి బయటికొచ్చే వాళ్లకి పనులు చూపించడానికి కేంద్రంలో ఒక డైరెక్టరేట్ జనరల్ పెట్టారు. రెండేళ్లకే దేశ విభజన. అవే కిటికీల ముందుకి శరణార్థులొచ్చారు. 1948లో తలుపులు అందరికీ తెరిచారు. 1956 నవంబర్ 1 నుంచి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకి అప్పజెప్పారు. ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజు కూడా అదే.

వెళ్ళినవాళ్లకి అక్కడ ఏం జరిగేది? బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్ళాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, అటెస్ట్ చేయించిన నకళ్లు, ఫారం, లైను. కిటికీ అవతల గుమాస్తా చదువూ, పుట్టిన తేదీ, రిజర్వేషన్ వివరాలూ చూసి ‘ఎక్స్-1’ అనే ఇండెక్స్ కార్డు సిద్ధం చేసేవాడు. వృత్తుల పట్టికలోంచి ఒక కోడ్ నంబరు వేసేవాడు. మన చేతికొచ్చేది ‘ఎక్స్-10’. అందరూ ఎంప్లాయ్‌మెంట్ కార్డు అనేది దాన్నే. దానిమీద రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, మళ్ళీ ఎప్పుడు రెన్యువల్ చేయించుకోవాలో ఉండేవి. గడువులోగా చేయించుకోకపోతే పేరు ‘లైవ్ రిజిస్టర్’లోంచి పోతుంది. మళ్ళీ రాయించుకోవచ్చు. కానీ కొత్త తేదీతో.

కిటుకంతా ఆ తేదీలోనే ఉంది. ఏదైనా సర్కారీ ఆఫీసు ఖాళీ ఉందని చెబితే, ఎక్స్ఛేంజ్ అర్హత, రిజర్వేషన్, సీనియారిటీ చూసి కొన్ని పేర్లు పంపేది. ఇక్కడ సీనియారిటీ అంటే సర్వీసు కాదు, ఎదురుచూపు. ఎన్నేళ్లుగా రిజిస్టర్‌లో ఉన్నావన్నదే లెక్క. పొలం లేనివాడూ, సిఫార్సు లేనివాడూ కూడబెట్టుకోగల ఆస్తి అది. అందుకే పదో తరగతి అవగానే ఆ తొందర.

ఖాళీలు తప్పనిసరిగా తెలపాలనే చట్టం 1959లో వచ్చింది. 1960 మే 1 నుంచి అమలైంది. ప్రభుత్వ సంస్థలతో పాటు పాతికమందీ అంతకు మించీ పనిచేసే ప్రైవేటు సంస్థలకీ వర్తించేది. కానీ దాని నాలుగో సెక్షన్‌లోనే ఇంకో మాట ఉండేది: ఖాళీ చెప్పాలి గానీ, ఎక్స్ఛేంజ్ ద్వారానే మనిషిని తీసుకోవాలనే బాధ్యత యజమానికి లేదు. 1987లో సుప్రీంకోర్టు ఈ సంగతే స్పష్టం చేసింది. అయితే సర్కారు తన ఆఫీసుల వరకూ ‘ఎక్స్ఛేంజ్ ద్వారానే’ అని నియమం పెట్టుకుంటే తప్పులేదంది. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో మాత్రం అదే కోర్టు మరో దారి చూపింది. ఎక్స్ఛేంజ్ నుంచి పేర్లు తెప్పించుకోండి, దాంతోపాటు పేపర్లో, రేడియోలో, టీవీలో ప్రకటించండి, దరఖాస్తు పెట్టుకున్న వాళ్లందర్నీ పరిశీలించండి అంది.

న్యాయం ఎవరివైపు ఉంది? తన పేరు పంపలేదని అవకాశం పోగొట్టుకున్నవాడి వైపు నుంచి చూస్తే తీర్పు సరైనదే. ఏ పేరు వెళ్ళిందో, ఏది ఆగిందో కిటికీ ఇవతల మనిషికి తెలిసేది కాదు. చెయ్యి తడపనందుకే ఆగిందేమో అన్న అనుమానం ఎప్పుడూ ఉండేది. అదే, ఏళ్ల తరబడి ఓపిగ్గా రెన్యువల్ చేయించుకుంటూ వచ్చినవాడి వైపు నుంచి చూడండి. అతను దాచుకున్న తేదీకి విలువ పడిపోయింది. నిన్న చదువు ముగించినవాడూ అతనూ ఒకే గీత దగ్గర నిలబడాలి. ఆ ఏళ్లకి పరిహారం అంటూ ఏమీ లేదు.

లైను పోలేదు, చోటు మారిందంతే. ఇవాళ హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో నోటిఫికేషన్ కోసం చూసేవాళ్లలో చాలామందికి ఎక్స్ఛేంజ్ ఎక్కడుందో తెలియకపోవచ్చు. 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ వచ్చింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లో ఆ ఆఫీసు పేరే ‘కెరీర్ సెంటర్’ అయిపోయింది. ఎదురుచూపు కంటే పరీక్షే న్యాయమైన కొలత అని మనం నమ్ముతాం, చాలావరకు నిజమే. కాకపోతే పరీక్ష కోసం చూసిన ఎదురుచూపు ఏ లెక్కలోకీ రాదు. పాత ఆఫీసు ఉద్యోగం ఇవ్వకపోయినా, భృతి ఇవ్వకపోయినా, ఫలానా రోజు నుంచి ఈ మనిషి పనికోసం చూస్తున్నాడని రాసి ముద్ర వేసి ఇచ్చేది. అశోక్‌నగర్‌లో అయిదేళ్లు గడిపినవాడికి ఆ మాత్రం కాగితం ఇచ్చేవాళ్లు కూడా లేరు.