నల్లమచ్చ నడక
చర్మముపై పుట్టిన నల్లమచ్చ ఊపిరితిత్తులకెట్లు చేరును? మెలనోమా అను ఈ క్యాన్సరును 1806లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను. పిమ్మట స్టెతస్కోపు కనిపెట్టినది ఈయనయే.

గర్భస్థశిశువులో వర్ణకణములు వెన్నుదాపున పుట్టి చర్మమునకు వలసపోవును. గమ్యము చేరినపిమ్మట, ఆ నడక నడిపించిన జన్యువులు చాలవరకు అణగియుండును. జన్యువులకిట్టి కట్టడి కలదని 1961లో జాకబ్, మోనోలు సూక్ష్మజీవులలో చూపిరి. మెలనోమాలో కట్టడి సడలి, పాత నడక మేల్కొనును. ప్రతిసారి జన్యువే మారనక్కరలేదు. అణగినది లేచిన చాలును.

మనదేశములో ఈ వ్యాధి తరచు అరికాలిని పట్టును. తిరువూరు మామిడితోటలలో చెప్పులులేక తిరుగు రైతు, ముల్లు విరిగిన గుర్తనుకొని ఊరకుండవచ్చును. మచ్చ పెరిగినను, రంగు మారినను వైద్యునికి చూపవలెను. గజ్జలలో బిళ్ళ కట్టకముందే దానిని కోసి తీసివేయుట సులభము.