పాత మిద్దె పడగొట్టే ముందు: కరువు నేలలో ఇంటి కప్పు, ఇంటి నీరు

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెల్లో చాలామంది రైతుల ఇళ్లు ఇప్పుడు రెండు ముక్కలుగా ఉన్నాయి. వెనుక తాతల నాటి మట్టి మిద్దె, దాని ముందు పథకంలోనో అప్పుతోనో కట్టుకున్న ఒకటి రెండు గదుల సిమెంటు స్లాబు. కొంచెం డబ్బు చేతికొస్తే చాలు, వెనుక మిద్దె కూడా పడగొట్టి మొత్తం స్లాబు వేయాలని ఆలోచన మొదలవుతుంది. పంట రుణం ఇంటి పునాదిలోకి పోయి, ఖరీఫ్‌లో విత్తనానికి వడ్డీకి తెచ్చుకునే కుటుంబాలను మా ఉద్యోగంలో చూస్తూనే ఉంటాం. ఇల్లు వ్యవసాయ శాఖ సంగతి కాదు కదా అని మీరు అనవచ్చు. కానీ మిద్దె మీది మట్టి, కప్పు మీద పడే వాన, ఆ అప్పు, మూడూ మీ సేద్యానికి సంబంధించినవే.

మిద్దె గోడ రాయి, మట్టితో ఒకటిన్నర నుంచి రెండడుగుల మందం ఉంటుంది. పైన దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన బండలో కట్టెలో పరిచి, ఆకు, కసువు వేసి, మట్టి కప్పి, చివరగా చౌడు పోస్తారు. పగటి ఎండ ఇంత మందం దాటి లోపలికి రావడానికి చాలా గంటలు పడుతుంది. ఆలోగా పొద్దు వాలుతుంది. స్లాబు నాలుగైదు అంగుళాలే. అది పగలంతా ఎండను పీల్చుకుని రాత్రి తొమ్మిది, పదింటి దాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఇంట్లో ముసలివాళ్లు ఏ భాగంలో పడుకుంటున్నారో చూస్తే ఈ తేడా మీకే తెలుస్తుంది.

మిద్దెకు చౌడే ఎందుకు?

చౌడు మట్టిలో సోడియం ఎక్కువ. వాన నీరు తగలగానే బంకమన్ను రేణువులు విడివడి మట్టిలోని సన్న రంధ్రాలను పూడ్చేస్తాయి. చౌడు పొలంలో నీరు ఇంకక పైరు వేరు ఊపిరాడక చచ్చేది ఇందుకే. పొలంలో మనల్ని ఏడిపించే ఆ గుణమే మిద్దె మీద వానను ఆపుతుంది. పెద్దలకు ఈ రసాయన శాస్త్రం తెలియకపోయినా పని తెలుసు.

ఇక్కడ ఒక జాగ్రత్త. చౌడు పొలానికి జిప్సం వేయమని చెప్పే మేమే, మిద్దె మీద వేసే చౌడులో జిప్సం గానీ సున్నం గానీ కలపవద్దని చెబుతున్నాం. కాల్షియం చేరితే రేణువులు మళ్లీ గుంపు కట్టి మట్టి గుల్లబారుతుంది, మిద్దె కారుతుంది. మిద్దె నుంచి గీకి తీసిన పాత చౌడును పొలంలోకి, పెరటి పాదుల్లోకి తోలవద్దు. దానిలోని ఉప్పు అక్కడే నిలిచిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది బరువు. ఏటా పాతదాని మీదే కొత్త చౌడు పోస్తూ పోతే మట్టి మందం తెలియకుండానే పెరుగుతుంది. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న గది మీద నాలుగంగుళాల మట్టి అదనంగా చేరితే దాని బరువు సుమారు నాలుగున్నర టన్నులు. అదీ పొడిగా ఉన్నప్పుడు. రెండు మూడు రోజులు ముసురు పట్టి నానితే ఇంకా పెరుగుతుంది. చెద తిన్న దూలం ఆ బరువు మోయలేదు. నిద్రలో ఉండగా మిద్దె కూలి కుటుంబంలో మనుషులు పోయిన వార్తలు రాయలసీమలో వానాకాలంలో మనం వింటూనే ఉన్నాం. అందుకే కొత్త చౌడు వేసే ముందు పాత పొరను గీకి తీయించండి. ప్రతి దూలాన్నీ, ముఖ్యంగా గోడలో దిగిన కొనను, సుత్తితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే, స్క్రూడ్రైవరు గుచ్చితే సులువుగా దిగితే దాన్ని మార్చాల్సిందే. వానలో పైనుంచి మట్టి రాలుతున్నా, దూలం కింద గోడ కొత్తగా పగిలినా, కట్టె కిర్రుమన్నా ఆ రాత్రి అందులో పడుకోవద్దు. అనుమానం ఉంటే సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంటును పిలిచి చూపించండి. దూలాలు చాలావరకు పోయిన మిద్దెను దించేయడమే మంచిది. ఆ విషయంలో మొహమాటం వద్దు.

దూలాలు గట్టిగా ఉన్న మిద్దెకు మాత్రం మరమ్మతే లాభం. వాలు తూము వైపు ఉండేలా సరిచేసి, చౌడు పోసి, కొద్దిగా తడిపి దిమ్మిసతో కొట్టించండి. తూము నీరు గోడ మొదట్లో పడకుండా పైపు పెట్టి మూడు, నాలుగు అడుగుల దూరం తీసుకెళ్లండి. పైన మొలిచిన గడ్డిని, రావి, మర్రి మొలకలను వేరుతో సహా తీయండి. కారుతోందని పైన సిమెంటు పూత పూస్తున్నారు. అది వద్దు. కింద మట్టి కదిలినప్పుడల్లా సిమెంటు పగులుతుంది. పగులులోంచి దిగిన నీరు తిరిగి ఆరడానికి దారి ఉండదు. దూలం లోపల్లోపలే కుళ్లుతుంది.

స్లాబు ఇల్లు, రేకుల ఇల్లు

ఇప్పటికే స్లాబు ఉన్నవారు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పైభాగాన్ని ఊడ్చి, కడిగి, సున్నం రెండు మూడు పూతలు వేయండి. పట్టు కోసం కొద్దిగా ఫెవికాల్ కలుపుతారు. తెల్లటి కప్పు ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపేస్తుంది. ఇది పేదవాళ్ల చిట్కా అని తీసేయవద్దు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం పేరుతో ప్రకటించింది ఈ సూత్రాన్నే. దుమ్ము పట్టే కొద్దీ ఫలితం తగ్గుతుంది కాబట్టి ఏటా ఒకసారి పూయాలి.

ఇనుప రేకులకు కూడా తెల్ల రంగు పనిచేస్తుంది. సిమెంటు రేకులు పాతవైతే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. పొడిగా కోయడం, రంధ్రాలు వేయడం, పగలగొట్టడం చేయవద్దు, తీయాల్సి వస్తే బాగా తడిపి తీయించండి. చల్లదనం కోసం రేకుల మీద జొన్న చొప్ప, వేరుశనగ కట్టె పరచడం కొన్ని ఊళ్లలో ఉంది. నిప్పురవ్వ పడితే ఇల్లు, ఏడాది మేత రెండూ ఒకేసారి పోతాయి. వామి ఇంటికి దూరంగానే ఉండాలి.

కప్పు మీద పడే నీరు

మన ప్రాంతంలో ఏడాదికి సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. అయినా లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 500 చదరపు అడుగుల స్లాబు అంటే 46 చదరపు మీటర్ల పైమాటే. వృథా పోను వందకు 80 వంతులు పట్టుకున్నా ఏడాదికి 20 వేల లీటర్లు వస్తాయి. 350 మిల్లీమీటర్లే కురిసిన కరువు ఏడాదిలో కూడా 13 వేల లీటర్లు. ఒక్క అంగుళం వాన చాలు, దాదాపు 900 లీటర్లు.

ఇది పొలానికి చాలే నీరు కాదు, తాగే నీరు. ఉమ్మడి జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరాదు. పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు, పెద్దల్లో నడుము, మోకాళ్లు పట్టేయడం దీనివల్ల వచ్చేవే. బోరు లోతు పెంచితే మంచి నీరు పడుతుందన్న హామీ లేదు. నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వాన నీటిలో ఆ బెడద లేదు. ఐదుగురు ఉన్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు 25 లీటర్లు అనుకుంటే, 10 వేల లీటర్ల తొట్టి 400 రోజులు వస్తుంది. అంత తొట్టి ఒకేసారి కట్టలేకపోతే 2 వేల లీటర్ల ట్యాంకుతో మొదలుపెట్టండి. అది 80 రోజులు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు నింపుకున్న నీటిని పిల్లలకు, గర్భిణులకు, వంటకు మాత్రమే వాడితే ఇంకా ఎక్కువ కాలం వస్తుంది.

పని ఇలా చేయించండి. స్లాబు తూములన్నిటినీ ఒక పైపులోకి కలపండి. మొదటి వాన దుమ్ము, పక్షి రెట్టలతో వస్తుంది కాబట్టి పైపుకు వాల్వు పెట్టి, ప్రతి వానలో మొదటి పది నిమిషాల నీటిని బయటికి వదలండి. తరువాతి నీరు గులకరాళ్లు, బొగ్గు, ఇసుక పొరలున్న చిన్న తొట్టి దాటి ట్యాంకులోకి వెళ్లాలి. ట్యాంకులోకి వెలుతురు, దోమ రెండూ పోకూడదు. మూత గట్టిగా ఉండాలి, పొంగు పైపుకు సన్న జాలీ కట్టాలి. తాగే ముందు నీటిని కాచి చల్లార్చండి. మిద్దె నుంచి వచ్చే నీరు మట్టి, ఉప్పుతో ఉంటుంది కనుక దాన్ని తాగే ట్యాంకులో కలపవద్దు. ఆస్‌బెస్టాస్ రేకుల మీది నీరు కూడా తాగడానికి వద్దు. అంటే పడుకోవడానికి మిద్దె, నీరు పట్టడానికి స్లాబు. రెండూ ఉన్నవారు ఏదీ పోగొట్టుకోనక్కరలేదు.

కొత్తగా కట్టేవారికి

గోడకు దగ్గరలో దొరికే రాయి ఉంటే దానికి మించినది లేదు. ఎర్రనేల ఉన్న చోట, మట్టిలో వందకు 5 నుంచి 8 పాళ్లు సిమెంటు కలిపి యంత్రంలో నొక్కిన ఇటుకలు బాగుంటాయి. కాల్చే పని లేదు, కట్టెల ఖర్చు లేదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన ‘అస్త్ర’ విభాగం ఈ ఇటుకల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. నల్లరేగడి మట్టితో మాత్రం చేయవద్దు, తడికి ఉబ్బి ఎండకు పగులుతుంది. ఇటుకలను మూడు వారాలు నీళ్లతో తడపాలి, ఆ నీరు ముందే చూసుకోండి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఆవరణలో స్థానిక మట్టి, రాయితో కట్టిన ఇళ్లు ఉన్నాయి. మట్టి ఇల్లంటే పాత ఇల్లే అనుకునే కొడుకులను ఒకసారి తీసుకెళ్లి చూపించండి. గచ్చుకు తాడిపత్రి బండలు ఉండగా దూరం నుంచి టైల్స్ తెప్పించాల్సిన పనిలేదు.

సౌర విద్యుత్తుకు పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆపైన అయితే 78 వేల రూపాయల రాయితీ ఇస్తారు. నెల బిల్లు రెండు మూడు వందలే వచ్చే ఇంటికి దీనికోసం అప్పు చేయడం తొందరపాటు. మిద్దె మీద ఆ చట్రాలు బిగించవద్దు. గోబర్ గ్యాస్ సంగతీ అంతే. ఒక ఘనపు మీటరు ప్లాంటుకు రోజూ 25 కిలోల పేడ, దానికి సమానంగా నీరు కావాలి. రెండు మూడు పశువులు ఏడాది పొడవునా కొట్టంలో ఉంటేనే పెట్టుకోండి, ఎండాకాలంలో మేత లేక అమ్మేసేవారికి అది ఖాళీ గొయ్యిగా మిగులుతుంది.

మిద్దె పనికి రోహిణి కార్తె సరైన సమయం. దూలాల మార్పు అంతకు నెల ముందే ముగించి, మృగశిర వానలకు ముందు చౌడు కొట్టించాలి. వాన ట్యాంకును కూడా అప్పుడే ఖాళీ చేసి, అడుగు రుద్ది కడిగి, బ్లీచింగ్ నీటితో ఒకసారి తుడిచి ఆరబెట్టండి.